కువైట్ ఎంత దూరం?

కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి చాలామంది ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోతుంటారు. ఇంటి దగ్గర తల్లికి ఒకటే దిగులు. బిడ్డ ఎప్పటికి చేరుతుందో!

హైదరాబాదు నుంచి కువైట్‌కు ఆకాశంలో సుమారు 3,400 కిలోమీటర్లు. విమానంలో దాదాపు 5 గంటల ప్రయాణం. కడప నుంచి హైదరాబాదుకు బస్సులో రావాలంటే ఒక రాత్రి పడుతుంది. సముద్రం దాటి పోవడానికి అంత కూడా పట్టదు. చలికాలంలో పైన గాలి పడమటి నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి. అందుకే వచ్చేటప్పుడు ఇంకా తొందరగా వస్తారు.

ఉదయం 10 గంటలకు విమానం లేచిందనుకోండి. మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 3 గంటలకు దిగుతుంది. కానీ అక్కడి గడియారంలో పన్నెండున్నరే! గడియారం చెడిపోలేదు. కువైట్ మనకు పడమర దిక్కున ఉంది. పొద్దు ముందు మనకు పొడిచి, తర్వాత అక్కడికి పోతుంది. అందుకే వాళ్ల టైము మనకంటే రెండున్నర గంటలు వెనక.

బిడ్డ రాత్రి 10 గంటలకు పని ముగించుకుని ఫోను చేస్తుంది. ఇక్కడ అప్పుడు పన్నెండున్నర. అర్ధరాత్రి ఫోను మోగితే తల్లి గుండె గుభేలుమంటుంది. ఏ ఆపదా కాదు. అక్కడ అప్పుడే గిన్నెలు కడగడం అయింది.