చేటలోవన్నీ ఆవాలేనా?

ఏటా ఆవకాయకి ఆవాలు బాగుచేసే పని మా అత్తగారిది. ఈ ఏడు ఆవిడకి కంటి ఆపరేషన్ అయి వారమే కావడంతో చేట నా చేతికొచ్చింది. సంతలో విడిగా కొన్న కిలో ఆవాలు. పైపైన చెరిగి, మట్టిబెడ్డలు ఏరేసి, "అయిపోయిందత్తయ్యా, మరకి పంపించేస్తాను" అన్నాను.

ఆవిడ గుప్పెడు అరచేతిలో పోయించుకుని వేలితో రుద్ది చూశారు. "గరుగ్గా ఏవో తగులుతున్నాయి. మళ్లీ చూడమ్మా" అన్నారు.

తెల్లకాగితం మీద పలచగా పరిచి చూద్దును కదా, నున్నటి ఆవాల మధ్య నల్లటి గింజలు కొన్ని! భూతద్దంలో చూస్తే వాటి పైనంతా వల అల్లినట్టు గీతలు, గుంటలు. గరిటె వెనకతో నొక్కితే ఆవగింజ లోపల పసుప్పచ్చగా ఉంది. ఇవి తెల్లగా ఉన్నాయి.

అవి బ్రహ్మదండి గింజలు! డిగ్రీలో ఆ మొక్క బొమ్మ గీసి, కింద 'ఆర్జిమోన్ మెక్సికానా' అని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తీరా వంటింట్లో గింజ ఎదురైతే పోల్చుకోలేకపోయాను.

మొక్కని మీరూ చూసే ఉంటారు. రోడ్ల పక్కన, బీడుల్లో పెరుగుతుంది. ముళ్ల ఆకులు, ఈనెల వెంట తెల్లటి చారలు, పసుపు పూలు. తుంచితే పసుప్పచ్చటి పాలు కారతాయి. కాయ కోలగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. ఎండాక కొస దగ్గర నోళ్లు తెరుచుకుని గింజలు రాలుస్తుంది. ఆవచేలో ఈ కలుపు ఉంటే కోతల్లో ఆవాలతో కలిసిపోతుంది. కావాలని కలిపే కల్తీ సరేసరి.

ఈ గింజల నూనెలో సాంగ్వినరిన్ అనే విషం ఉంటుంది. అది ఒంట్లో చేరితే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె దెబ్బతింటుంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపూ పోవచ్చు. 1998లో ఢిల్లీలో ఇలా కల్తీ అయిన ఆవనూనె వాడి 60 మందికి పైగా చనిపోయారు. మనం ఆవనూనెతో వండుకోవడం తక్కువే. కానీ ఆవపిండి లేని ఆవకాయ ఉందా?

అందుకే విడి ఆవాలు కొంటే చేటలో చెరగడంతో సరిపెట్టకండి. తెల్లకాగితం మీద పరచండి. అనుమానం వచ్చిన గింజని నొక్కి లోపలి రంగు చూడండి. ఒక్కసారి పిండి పట్టించాక ఇక పోల్చుకోలేం. ఏరిన గింజల్ని పెరట్లో పారేయకండి, మొలుస్తాయి. మేం పొయ్యిలో వేసేశాం.

ఆ కిలో ఆవాలూ పక్కన పెట్టి వేరే తెచ్చుకునేసరికి ఆవకాయ రెండు రోజులు ఆలస్యమైంది. అయితేనేం? హాస్టల్లో ఉన్న మా అబ్బాయికీ, అత్తవారింట్లో ఉన్న మా ఆడపడుచుకీ ఏడాది పొడవునా వెళ్లేది ఆ జాడీలోంచే కదా!