బియ్యం కొలిచిన బడి

ఫీజు కట్టలేక పట్నంలో క్లాసు మానుకున్న పిల్లలు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. కంప్యూటరు గానీ, ఇంగ్లీషు మాట్లాడడం గానీ, ఏది నేర్చుకోబోయినా మొదట అడిగేది డబ్బే. అందుకే 2010లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జరిగిన ఒక చిన్న ప్రయత్నాన్ని పాఠకులకు చెప్పాలనుకున్నాము.

ఆ నగరంలో లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేట ఉంది. ఒకప్పుడు ఓడలు దిగిన బీద వలసదారులు ఇరుకు గదుల్లో కాపురమున్న చోటది. అక్కడ ఒక దుకాణం గదిలో కొందరు యువ కళాకారులు 'ట్రేడ్ స్కూల్' అనే బడి తెరిచారు. ఇంగ్లీషులో ఆ మాటకు వృత్తి విద్య నేర్పే బడి అని వాడుక. వీరు మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం అనే అర్థంలో పెట్టుకున్నారు. ఫిబ్రవరి చివర మొదలై మార్చి ఆఖరు వరకు 35 రోజులు నడిచింది. 76 క్లాసులకు సుమారు 800 మంది వచ్చారు. రుసుము లేదు. పాఠం చెప్పేవారు తమకేమి కావాలో ముందే రాసిపెడతారు, వచ్చేవారు అందులో ఒకటి తెస్తామని ఒప్పుకుంటారు.

చెత్తతో ఎరువు చేయడం, ఆర్థిక సహాయం కోరుతూ దరఖాస్తు రాయడం, స్క్రాబుల్ అనే పదాల ఆటలో ఎత్తులు, చివరికి దయ్యాలను వెదకడం కూడా అక్కడ నేర్పారు! (ఆ క్లాసుకు మాత్రం మేము వెళ్ళేవాళ్ళము కాము.) చెప్పినవారికి ముట్టినవి పరుగు బూట్లు, చీజ్, పాటల సీడీలు, ముక్కూమొగమూ తెలియని మనిషికి రాసిన ఉత్తరాలు.

మన పెద్దలకు ఇది వింత కాదు. వీధిబడి పంతులుగారికి పిల్లల ఇళ్ళనుండి బియ్యం, కూరగాయలు వెళ్ళేవి. మంగలికి, వడ్రంగికి కళ్ళంలోనే మేర కొలిచేవారు. కాని ఆ పంతులుగారి అరుగు మన తాతల్లో చాలామందిని ఎక్కనివ్వలేదు. బియ్యం తెస్తామన్నా పుచ్చుకునేవారు లేకపోయారు. మిషను బడులు వచ్చిన తరువాతే వారి చేతికి పలక అందింది. న్యూయార్క్ బడి మాత్రం ఎవరినైనా రానిచ్చింది. మాకు ఆ బడిలో నచ్చినది, చీజ్ కంటే ఎక్కువగా, ఇదే.

లోటు లేకపోలేదు. ఇంటి యజమాని అద్దె కింద బూట్లు పుచ్చుకోడు గదా! బడి మళ్ళీ తెరవడానికి నిర్వాహకులు చందాలు అడగవలసి వచ్చింది. ఇటువంటి పాఠాలతో ఉపాధ్యాయుని కుటుంబం గడవదు కూడా. అయినా తరువాత లండన్, మిలాన్ వంటి నగరాలలో ఇదే పద్ధతిన బడులు నడిపినవారున్నారు.

మన ఊళ్ళలో రవికెలు కుట్టే అక్క ఉంది, రిటైరైన మాష్టారున్నారు, సెలవులకు వచ్చి సెల్ ఫోనులో దరఖాస్తులు నింపగల కాలేజీ అమ్మాయి ఉంది. వారికి డజను గుడ్లో, రెండు సొరకాయలో ఇవ్వలేని ఇల్లు తక్కువ. అద్దె అడగని గది కూడా ఉంది. ఆదివారం ఆరాధన ముగిశాక దానికి తాళం వేస్తాము. మళ్ళీ శనివారం సాయంత్రం ఊడ్చడానికే తీస్తాము.