కార్ల అమ్మకములు: ఆటుపోటులు

ఒకనాడు అగ్రస్థానమున నిలిచిన కారు కొన్నేండ్లకే వెనుకబడుట కలదు. యంత్రము చెడ్డదగుటయే దీనికి కారణమా? అమెరికాలోని ఫోర్డు కంపెనీ చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పుచున్నది.

హెన్రీ ఫోర్డు 1908లో ‘మోడల్ టి’ కారును ప్రవేశపెట్టినపుడు దాని వెల 800 డాలర్లకు మించియుండెను. 1913లో, పనివాడు కారు వద్దకు పోవుటకు మారుగా కారే పనివాని వద్దకు కదలివచ్చు పద్ధతి నెలకొల్పబడినది. ఖర్చు తగ్గి, 1925 నాటికి చౌకరకము వెల 260 డాలర్లకు దిగినది. వెల తగ్గినకొలది అమ్మకము హెచ్చినది.

కాని మొదటి కారు కొనువాడు చౌకదనమును చూచును. రెండవది కొనువాడు సౌకర్యమును, అందమును కోరును. జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ దీనిని గ్రహించెను. పలు వెలల కార్లు, క్రొత్త రంగులు, వాయిదాల చెల్లింపు ఆ కంపెనీకి బలమయ్యెను. ఫోర్డు మాత్రము 1914 నుండి 1925 వరకు మోడల్ టి కారును నలుపు రంగుననే అమ్మెను.

కోటి యేబది లక్షల కార్లు తయారైన పిదప, 1927 మే నెలలో మోడల్ టి నిలిచిపోయినది. క్రొత్త ‘మోడల్ ఎ’ డిసెంబరులో గాని వెలువడలేదు. నడుమ కర్మాగారములు మూతపడి వేలాది కార్మికులు పని కోల్పోయిరి. ఆ యేడు షెవ్రొలే అమ్మకములు ఫోర్డును మించినవి. అయినను 1929లో ఫోర్డు మరల ముందుకు వచ్చెను.

కావున ఒక్క యేటి అంకెను చూచి కంపెనీ భవితవ్యమును నిర్ణయింపరాదు. ప్రజల కోరిక మారినదా, కర్మాగారము నడచినదా అని విచారింపవలయును. ఆ అంకెలపై ఎన్నో కుటుంబముల జీవనము ఆధారపడియున్నదని కూడ మరువరాదు.