కిటికీ తెరిచే వేళ తెలిస్తేనే ఇల్లు చల్లన

హొళగుంద: వేసవిలో ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుంద ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. వేలు పోసి కూలరు, ఎగ్జాస్ట్ ఫ్యాను కొన్నా గది చల్లబడటం లేదని పలువురు వాపోతుంటారు. చాలా సందర్భాల్లో లోపం యంత్రానిది కాదు, కిటికీల వాడకంలోనిది.

పగలు మూత, రాత్రి తెరుపు

బయటి గాలి ఇంట్లోకన్నా వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసి, ఎండ పడేవైపు తెరలు వేయాలి. ఆ సమయంలో ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పితే వడగాలిని ఇంట్లోకి లాక్కున్నట్లే. పాత మట్టి మిద్దెల మందపాటి గోడలు వేడిని నెమ్మదిగా లోనికి పంపుతాయి. పైకప్పులోని గవాచి గుండా వేడి గాలి తనంతట తానే బయటకు పోతుంది. సిమెంటు స్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. అందుకే బయట చల్లబడ్డాక కిటికీలు తెరిచి, తెల్లవారే వరకు ఎగ్జాస్ట్ ఫ్యానును నడపడం మేలు. దోమలు రాకుండా కిటికీలకు వల బిగించుకోవాలి.

ఎదురు కిటికీయే కీలకం

ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని బయటకు నెట్టాలంటే అంతే గాలి లోనికి రావాలి. అన్నీ మూసివేస్తే ఫ్యాను తిరిగినా ఫలితం అంతంతమాత్రమే. ఫ్యాను పక్కనున్న కిటికీ తెరిస్తే ఆ గాలే వెంటనే బయటకు పోతుంది, గది మొత్తానికీ అందదు. ఫ్యానుకు దూరంగా, ఎదుటి గోడకున్న కిటికీని, వీలైతే నీడవైపు దాన్ని తెరవాలి. వంటగదికీ ఇదే సూత్రం.

కూలరుకు దారి వదలాలి

నీటి కూలరు గాలిలో తేమను పెంచి చల్లబరుస్తుంది. గది మూసి వాడితే తేమ పేరుకుని ఉక్కపోత మొదలవుతుంది. కూలరును కిటికీ వద్ద ఉంచి, ఎదురుగా మరో కిటికీని కానీ తలుపును కానీ కొంత తెరిచి ఉంచాలి. వాన కురిసి గాలిలో తేమ పెరిగిన రోజున పంపు ఆపి, ఫ్యాను మాత్రమే వాడితే చాలు.

40 డిగ్రీలు దాటితే

గదిలో వేడి 40 డిగ్రీలు మించితే ఫ్యాను గాలి శరీరాన్ని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అటువంటి వేళ వృద్ధులను, పసిపిల్లలను చల్లని చోటికి మార్చి, తడిబట్టతో ఒళ్లు తుడవాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి.