వేలంలో కోట్లు, నారుమడిలో కుర్రాళ్లు
ప్రో కబడ్డీలో కొత్తవారికి దారి ఏది?

(మా విలేకరి)

సంక్రాంతి వచ్చిందంటే పల్లెల్లో చెడుగుడు పోటీల సందడి అంతా ఇంతా కాదు. నలుగురిని తాకి గీత దాటి వచ్చిన కుర్రవాణ్ని చూసి, "వీడు వేలంలో పడితే కోటి పలుకుతాడు" అనడం ఇప్పుడు మామూలైంది. ఆ మాట నమ్మి ఇంటర్ చదువు మధ్యలో వదిలేసే వాళ్లూ, "సెలక్షన్ చేయిస్తాం" అన్నవారికి డబ్బు కట్టేవాళ్లూ ఉంటారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. వేలం అసలు ఎలా జరుగుతుందో మన యువకులు తెలుసుకోవడం అవసరం.

ఎనిమిది జట్లతో 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌లో 2017 నుంచి 12 జట్లు ఆడుతున్నాయి. 2023 అక్టోబరు 9, 10 తేదీల్లో ముంబయిలో జరిగిన వేలంలో ఆటగాళ్లను నాలుగు తరగతులు చేశారు. మొదటి తరగతికి కనీస ధర 30 లక్షలు, రెండో దానికి 20, మూడో దానికి 13, చివరి దానికి 9 లక్షల రూపాయలు. జాబితాలో 500 మందికి పైగా ఉన్నారు. ఒక్కో జట్టులో ఉండేది ఎక్కువలో ఎక్కువ 25 మంది. పేరు జాబితాకి ఎక్కినంత మాత్రాన కొనేవాడు ఉన్నట్టు కాదు.

నారుమడి దారి

మరి పేరు లేని కుర్రవాడు ఎలా పైకి వస్తాడు? కొత్త యువ ఆటగాళ్ల కోసం లీగ్‌లో 'ఎన్‌వైపీ' అని వేరే కోటా ఉంది. జట్లు తమ శిక్షణ కేంద్రాల్లోనో, ఎంపిక పోటీల్లోనో నచ్చిన కుర్రాళ్లను ఈ కోటా కింద నేరుగా తీసుకుంటాయి. వీరికి వేలంలో పెద్ద ఆటగాళ్లకు వచ్చే ధర రాదు. మొదట్లో బెంచీ మీద కూర్చోవలసి రావచ్చు. అయితే మంచి శిక్షకుడు, మ్యాట్, సీనియర్లతో రోజూ సాధన దొరుకుతాయి. నారుమడిలో పెరిగిన నారును అదును చూసి పొలంలో నాటినట్టే ఇదీ.

హర్యానాలోని భివానీ ప్రాంతానికి చెందిన నవీన్ కుమార్ 2018లో ఈ కోటా కిందనే దబంగ్ ఢిల్లీలో చేరాడు. అప్పటికి అతని వయసు 18 ఏళ్లు. మరుసటి ఏడు, అంటే 2019లో, లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. 2022 ఫిబ్రవరిలో ఢిల్లీ కప్పు గెలిచినప్పుడూ ఆ బహుమతి అతనిదే. 2025 వేలంలో హర్యానా స్టీలర్స్ అతణ్ని 1.20 కోట్లకు కొనుక్కుంది. కోటి రూపాయల మాట వినిపించేసరికి అతని వెనుక ఏడేళ్ల ఆట ఉంది.

పుణేరీ పల్టన్‌కు 'యువ పల్టన్' అనే శిక్షణ జట్టు ఉంది. అందులోంచి వచ్చిన అస్లాం ఇనామ్‌దార్ నాయకత్వంలోనే 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో పుణేరీ తొలిసారి కప్పు గెలిచింది. హర్యానాపై స్కోరు 28-25. అదే ఏడు తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.60 కోట్లకు పైగా పెట్టి కొన్నా, 22 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున మిగిలింది. అలాగని డబ్బుతో పని లేదనుకోరాదు. పుణేరీ కూడా ఇరాన్ ఆటగాడు షాద్‌లూయీకి 2.35 కోట్లు పోసింది. తేడా ఏమిటంటే, కొన్నవాడి పక్కన నిలబడడానికి వారి దగ్గర పెంచుకున్న కుర్రాళ్లు ఉన్నారు.

మన్ను వేరు, మ్యాట్ వేరు

మన చెడుగుడుకీ, లీగ్ ఆటకీ తేడా ఉంది. అక్కడ కూతకి 30 సెకండ్లే గడువు. వరుసగా రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగి వస్తే, మూడోసారి పాయింటు తేవాలి, లేదా అవుటవ్వాలి. మన్ను మీద పట్టు దొరికిన కాలు మ్యాట్ మీద, బూటులో, వేరుగా కదులుతుంది. ఈ అలవాటు రెండు నెలల్లో వచ్చేది కాదు.

కనుక కుర్రాళ్లు చేయవలసింది స్పష్టం. పాఠశాల, కళాశాల జట్లలో చోటు సంపాదించాలి. జిల్లా, రాష్ట్ర పోటీల్లో ఆడిన ప్రతిదానికీ ధ్రువపత్రం దాచుకోవాలి. పుట్టిన తేదీ కాగితం సరిగా ఉంచుకోవాలి. చదువు మానరాదు. 2023 వేలం జాబితాలో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ పోటీల ఫైనల్ ఆడిన రెండు జట్ల నుంచి 24 మందికి చోటు దక్కింది. కాలేజీలో ఉన్నందువల్లే వారికి ఆ అవకాశం వచ్చింది. ఎంపిక పేరుతో డబ్బు అడిగేవాణ్ని మాత్రం గడప తొక్కనివ్వరాదు.

ఇక పెద్దలు చేయవలసింది కూడా ఉంది. పండగ పోటీల బహుమతులకు ఊళ్లు వేలకు వేలు ఖర్చు పెడుతున్నాయి. అందులో కొంత ఏటా కూడబెట్టి, నాలుగైదు ఊళ్లు కలిసి మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలకు ఒక మ్యాట్ కొనిస్తే, పిల్లలు ఏడాది పొడుగునా సాధన చేసుకుంటారు. నారుమడి లేని ఊళ్లో నాట్లకు పొరుగూరి నారు కోసం ఎదురు చూడక తప్పదు.