ఊపిరి లెక్కపెట్టే అక్క

రండి పిల్లలూ, చాప ఇటు లాక్కోండి. మీలో ఈత వచ్చినవాళ్లెవరు? నాకు మా నాన్న దిగుడుబావిలో నేర్పాడు. నడుముకి ఎండిన ఆనపకాయ బుర్రలు కట్టి దింపేవాడు. వారం కాగానే "వచ్చేసింది నాన్నా" అన్నాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. బుర్రలు విప్పేసి, "ఏదీ, అవతలి మెట్టు అందుకో చూద్దాం" అన్నాడు. సగంలోనే మునకలేశాను. పైకి లాగి మళ్లీ బుర్రలు కట్టాడు. ఎన్నాళ్లు నేర్చుకున్నానన్నది ఆయనకు పట్టలేదు, మెట్టు అందిందా లేదా అన్నదే చూశాడు.

మన వీధికొచ్చే ఆరోగ్య కార్యకర్త, ఆశ అక్క చదువూ అలాంటిదే. 2005లో మొదలైంది ఈ ఆశల ఏర్పాటు. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో అక్క బాలింత ఇంటికి రావాలి. చేతులు కడుక్కుని బిడ్డ బరువు తూస్తుంది, చంకలో థర్మామీటరు పెట్టి ఒంటివేడి చూస్తుంది. ఆపైన ఊపిరి లెక్కపెడుతుంది.

ఊపిరి లెక్కెందుకంటారా? గొడ్ల తొట్టి నింపాలనుకోండి. బిందెతో పదిసార్లకు నిండేది, చెంబే దొరికితే గబగబా యాభైసార్లు ముంచాలి. న్యుమోనియా పట్టిన ఊపిరితిత్తులు బిగుసుకుపోయి నిండుగా సాగవు. పాపం, బిడ్డకు చేతిలో చెంబే మిగులుతుంది! అందుకే డొక్కలెగరేస్తూ గబగబా పీలుస్తుంది. రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లో, అంతకు మించో ఊపిరి తీస్తుంటే, మళ్లీ లెక్కపెట్టినా అంతే వస్తే, ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

పసిగుడ్డు ఊపిరి కోడిపిల్ల నడక లాంటిది. నాలుగడుగులు పరుగు, అంతలో ఆగడం. అరనిమిషం చూసి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది. నిండా నిమిషం చూడాలి. 60 అన్న అంకె పుస్తకంలో చదివితే వచ్చేస్తుంది. ఒక కన్ను పొట్ట మీద, ఒక కన్ను వాచీ మీద ఉంచి లెక్క తప్పకపోవడం మాత్రం చేసి చేసి అబ్బాల్సిందే. అందుకే నేర్పేవాళ్లు పక్కన కూర్చుని, ఒక్కో పనీ చేయించి చూస్తారు. ఏది తప్పితే అది మళ్లీ చేయిస్తారు.

మన తెలంగాణ సరిహద్దు దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్లలో పల్లె ఆడవాళ్లకు ఈ విద్య నేర్పారు. అక్షరం ముక్క రాని మంత్రసానులూ వాడగలిగేలా ఒక పూసల చట్రం చేయించారు, దానికి నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం. పది ఊపిరులకొక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్రపూస దాకా వచ్చిందా, బిడ్డకు జబ్బున్నట్టే. పది దాకా లెక్కొస్తే చాలు! పుట్టిన వెయ్యి మందిలో 62 మంది నెల నిండకుండానే కన్నుమూసే ఆ ఊళ్లలో, మూడో ఏటికి ఆ సంఖ్య 25 దగ్గరికి దిగింది. 1999లో లాన్సెట్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. 2011 నుంచి దేశమంతటా ఆశలకు ఇలా ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డల్ని చూసే పని అప్పగించారు.

ఈసారి అక్క మీ ఇంటికొచ్చి, తమ్ముడి పొట్టకేసి రెప్పవేయకుండా చూస్తుంటే, టీవీ కట్టేయండి. పలకరింపులు తర్వాత. ఆ ఒక్క నిమిషం అక్క లెక్క తప్పకూడదు.