రక్తములో నిలిచి పనిచేయు మందు తిత్తులు

క్యాన్సరు చికిత్సలో వాడు డాక్సోరూబిసిన్ అను ఎఱ్ఱని మందు కంతిలోని కణములను చంపును గాని, గుండె కండరమునకు కూడ హాని చేయును. మోతాదులు కూడిన కొలది ఈ హాని పెరుగును. కనుక రోగికి గుణమిచ్చుచున్నను దీనిని ఒక హద్దు దాటి ఈయరాదు. మందును మార్చకయే దాని ప్రయాణమును మార్చవచ్చునా?

ఇందుకు దారి చూపినది కోడిగ్రుడ్డు పచ్చసొనలో నుండు లెసిథిన్ వంటి కొవ్వు పదార్థము. ఇది నీటిలో కలిసినపుడు తనంత తానే పొరలుగా ఏర్పడి, లోపల నీటిని మూసికొనిన సూక్ష్మమైన తిత్తులగునని 1960 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆలెక్ బాంగ్‌హాం కనుగొనెను. ఇవియే లైపోసోములు. లోపలి నీటిలో మందు నింపి రక్తములోనికి ఎక్కింపవచ్చును.

అయితే తొలి తిత్తులు రక్తములో ఎంతో సేపు నిలువలేదు. ఊరికి క్రొత్తవాడు వచ్చిన తలారి పసిగట్టునట్లు, రక్తములోని కొన్ని ప్రోటీనులు వాటిని అంటుకొని గుర్తుపెట్టును. ఆ గుర్తును బట్టి కాలేయములోను, ప్లీహములోను గల భక్షక కణములు వాటిని మ్రింగివేయును. అందుచే తిత్తిని మిల్లీమీటరులో పదివేలవ వంతు పరిమాణమునకు తగ్గించి, కొలెస్టరాల్ చేర్చి గోడను గట్టిపరచిరి. అన్నిటికన్న మేలైన ఉపాయము పాలిథిలీన్ గ్లైకాల్ అను పదార్థపు పోగులను తిత్తిపై నాటుట. నారుమడివలె దట్టముగా నిలిచిన ఆ పోగులు నీటిని పట్టియుంచి, ప్రోటీనులను సులభముగా దరిచేరనీయవు.

ఇట్లు తయారైన డాక్సిల్ 1995లో అమెరికాలో అనుమతి పొందెను. విడి మందు కొద్ది నిమిషములలోనే రక్తమును వీడి శరీరమంతట వ్యాపించును. తిత్తులలోని మందు సగమునకు తగ్గుటకే సుమారు 2 దినములు పట్టును. గుండెలోని రక్తనాళముల గోడలు బిగువైనవి; తిత్తులు వాటిని దాటజాలవు. పెక్కు కంతులలోని నాళములకు సందులుండును గనుక అచ్చట అవి వెలికి జారి నిలుచును. ఇది అందరిలో ఒకే తీరున జరుగదు. గుండెకు హాని తగ్గినది గాని బొత్తిగా పోలేదు, పరీక్షలు మానరాదు. 2012లో అమెరికాలో ఈ మందునకు కొఱత ఏర్పడగా, భారతదేశమున తయారైన ఇట్టి మందును తాత్కాలికముగా దిగుమతి చేసికొనిరి.

చిరకాలము నిలుచుటలో చిక్కు కూడ కలదు. మందు చర్మమునకు చేరుటచే అరచేతులు, అరికాళ్లు ఎఱ్ఱబారి మండును. పొక్కులు కూడ లేచును. రోగి దీనిని ఓర్చుకొని దాచక వెంటనే వైద్యునికి తెలుపవలెను. మోతాదు తగ్గించుటయో, వాయిదా వేయుటయో ఆయన నిర్ణయించును.

అన్ని రోగములకును తిత్తి దీర్ఘకాలము తిరుగనక్కరలేదు. కాలా అజార్ క్రిములు ఆ భక్షక కణములలోనే కాపురముండును. అవి తిత్తులను మ్రింగుటయే అచ్చట మనకు కావలసినది. బీహారులో ఈ జ్వరమునకు ఆంఫోటెరిసిన్ నింపిన తిత్తులను, పోగులేవియు నాటకయే, ఒకే మారు నరములోనికి ఎక్కించి చికిత్స చేయుచున్నారు.